అయిదో పక్కటెముక కింద

మద్రాసు నుంచి తెప్పించిన మనిషి పటంలో సరిగ్గా గుండె ఉండాల్సిన చోటే చెదలు తినేశాయి. 1961లో నెల్లూరులోని ఆ నర్సుల ట్రైనింగు క్లాసుకు ఉన్న పటం అదొక్కటే.

డాక్టరు జ్ఞానప్రకాశం గారికి ఓపిక తక్కువ. విసుగ్గా గుమ్మం వైపు చూశారు. అక్కడ ఎవరో చేపలు పట్టే మనిషి తొంగి చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఏం కావాలి?"

అతను లోపలికొచ్చి అమ్మాయిల వరసలన్నీ చూశాడు. ఎండుచేపల వాసన గుప్పుమంది. ఒక అమ్మాయి ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ఆమెను చూసి పక్కనున్న కామాక్షమ్మ కూడా పెట్టుకుంది.

"ఏంలేదయ్యా," అన్నాడతను. "రొమ్ములో నొప్పిగా ఉంటే వచ్చినా."

"మందు ఇప్పిస్తాలే. ముందు చొక్కా తీసి ఇట్లా నిలబడు."

కొత్త చొక్కా. గుండీలు విప్పడానికే తడబడ్డాడు. లోపల అన్నీ ఎముకలే.

"ఈ పటానికి చెదలు పట్టవు," అన్నారు డాక్టరు గారు. అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. "కామాక్షమ్మా, వచ్చి గుండె గుర్తు పెట్టు."

కామాక్షమ్మ కదల్లేదు.

"పరాయి మగవాణ్ణి ముట్టుకోనంటే నర్సు పనికి పనికిరావు. సాయంత్రం బస్సుకు ఊరికి పోవచ్చు."

ఈ సీటు పోతే ఆమెకు మళ్లీ దొరకదు. లేచి సుద్దముక్క తీసుకుంది. సిగ్గుతో చచ్చిపోతోంది. గీత పక్కకు పోయింది.

"వెయ్యమ్మా," అన్నాడతను మెల్లగా. "నేనేం అనుకోను."

"అయిదో పక్కటెముక కింద వేళ్లు పెట్టి చూడు. తెలుస్తోందా?"

"కొట్టుకుంటోంది సార్. చాలా గట్టిగా."

తల ఎత్తకుండానే సున్నా చుట్టింది. డాక్టరు గారు భేష్ అన్నారు. అతను సుద్ద తుడుచుకోకుండానే చొక్కా తొడుక్కున్నాడు. అందరికీ దణ్ణం పెట్టి, మందు మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కామాక్షమ్మ అన్నం ముట్టలేదు. మంచం మీద పడి ఒకటే ఏడుపు.

"ఒక ముసలాయన్ని ముట్టుకున్నందుకేనా ఇదంతా?" అని స్నేహితురాళ్లు ఆటపట్టించి, బతిమాలి, చివరికి వదిలేశారు.

సాయంత్రం గేటు వాచ్‌మన్ మస్తానయ్య ఒక ఎండురొయ్యల మూట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"మీ నాయన ఇచ్చి పోయినాడమ్మా, పొద్దున క్లాసు కాడ ఎంత వెతికినా నువ్వు కనపళ్లేదంట."