సాంచ ఆగితే

కైలాసం బట్ట నేసే సాంచను ఆపగానే, గడపలో కూర్చున్న అక్షిత చెవులు మూసుకుని కెవ్వుమంది. సాంచలో నలిగిన ఆ పిల్ల వేళ్ల కట్టు విప్పారు గానీ, భయం మాత్రం విడవలేదు.

“బంద్ వెట్టిన గద బిడ్డా! ఇగ చప్పుడు రాదు.”

“పొద్దుగాల కరెంటు వోయినప్పుడు గూడ గిట్లనే ఒర్రింది కొడుకా,” అంది అతని తల్లి ఐలవ్వ.

కైలాసం బిడ్డ ముందు కూలబడ్డాడు. “నీకు సాంచంటె భయం గాదా?”

“గాదు. నడిపియ్యి బాపూ.”

“ఎందుకు బిడ్డా?”

“ఆనాడు నా చెయ్యి వడ్డంక సాంచ ఆగింది. గప్పుడే నువ్వు ఏడ్సుడు ఇనవడ్డది. బాపు ఏడుస్తుండంటె నేను సచ్చిపోతున్న అనుకున్న.”

కైలాసం లేచి సాంచ నడిపించాడు. అక్షిత చెవుల మీది చేతులు తీసింది.

ఆ చప్పుడు చాటున, అతను గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు.