నాలుగు వందల కుశలప్రశ్నలు

“సావుకారూ, నీ జాబుకు జవాబు చెప్పిపోదామని వచ్చినా.”

దేవుడి పటానికి అగరొత్తులు వెలిగిస్తున్న రామదాసు వెనక్కి తిరిగాడు. అంగడి గడపలో కార్డు పట్టుకుని ఒక ముసలాయన.

కరువుకు ధర్మవరం పట్టుచీరలు కొనేవాళ్ళు లేక, గుమాస్తా నాగన్న మాట మీద పాత గిరాకీలకు నాలుగు వందల కార్డులు అచ్చువేయించి పంపాడు రామదాసు. “ఇంటిల్లిపాదీ కుశలమా? వానలు పడినాయా?” అని మొదలుపెట్టి, కింద కొత్త చీరల సంగతి. మొదట వచ్చింది ఈయనే.

“ఏ రంగు చూపించమంటావు పెద్దాయనా?”

“చీర యాడిదప్పా! పోస్టాయన చదివి వినిపించినాడు. అంత ప్రేమగా అడిగితే పలక్కుండా ఉంటే బాగుంటాదా? నాకు రాసేది రాదు. గార్లదిన్నె నుంచి బస్సెక్కినా. నేను ఓబన్నను. వాన లేదు. శెనక్కాయ ఎండిపోయింది. కోడలికి కవలపిల్లలు. ఎనుము ఈనింది.”

నాగన్న నవ్వాపుకోలేక, “తాతా, అది అందరికీ...” అన్నాడు. రామదాసు కళ్ళతోనే వారించాడు.

“నా సంగతి అయిపోయింది. మీ ఇంట్లో అంతా బాగుండారా?”

“దేవుడి దయ” అనబోయాడు రామదాసు. ఎందుకో మాట మారింది. “మా అమ్మకు కండ్లలో పొర వచ్చింది. ఆపరేషన్ అంటే భయపడతాంది. ఎంత చెప్పినా వినదు.”

“నాకూ చేసినారు. పద, నేను చెప్తా.”

రామదాసు చెప్పులు వేసుకున్నాడు.

“అయ్యా, అంగడి?” అన్నాడు నాగన్న.

“ఇంకా మూడువందల తొంభైతొమ్మిది మంది రావాల కదప్పా. కడవ నిండా నీళ్ళు పెట్టి, చాపలు పరుచు. వచ్చినోళ్ళను కుశలం అడుగు. ఈసారి నోటితో.”