ఫిట్స్ గోళీలు

"ఫిట్స్ గోళీలా? నాకా?"

దశరథం కేకకు దవాఖాన మందుల కిటికీ ముందున్న వరసంతా అటే చూసింది.

రెండు నెలలుగా కుడి దవడలో కరెంటు పెట్టినట్టు నొప్పి. ఇద్దరు పళ్ల డాక్టర్లు నిక్షేపంలాంటి పళ్లు రెండు పీకి పారేశారు. నొప్పి పోతేగా! గడ్డం గీద్దామంటే బ్లేడు ఆనితే ప్రాణం పోతుంది. శంషాబాద్‌లో కొత్తగా తెరిచిన ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోసే పని అతనిది. సూపర్‌వైజర్ ఒకటే మాట చెప్పాడు.

"సోమవారం నున్నగ గీక్కొని రా. లేకుంటే పాసు ఇచ్చి పో."

కిటికీలోంచి మందులిచ్చే వినీల నచ్చజెప్పింది. "ఫిట్స్‌కే కాదన్నా, నరం నొప్పికి సుత ఇవే ఇస్తరు."

"సూపర్‌వైజర్ చూస్తే ఇంకేమన్న ఉందా!" అంటూ దశరథం ఆమె ఇచ్చిన గోళీల షీటును మురుగుకాల్వలోకి విసిరేశాడు.

వెనక నిలబడ్డ ముసలాయన నొచ్చుకున్నాడు. "గట్ల పారేస్తవా తమ్మీ? మంచి మందది."

"ఫిట్సోడని పేరు పడితే ఎట్లుంటదో నీకేం ఎరుక? నీ పని నువ్వు చూస్కో, పెద్దమనిషీ!"

ముసలాయన నవ్వాడు.

అంతలో ఫ్యాను గాలి దవడకు తగిలింది. అంతే, దశరథం కింద కూలబడ్డాడు. అమ్మా అనడానికి కూడా నోరు పెగల్లేదు. రోషం ఎటు పోయిందో!

"అక్కా... ఇంకో షీటు ఇయ్యవా?"

"అదే ఆఖరుదన్నా. మళ్ల సోమవారమే," అని వినీల కిటికీ మూసేసింది.

ముసలాయన జేబులోంచి సగం వాడిన షీటు తీసి దశరథం చేతిలో పెట్టాడు. "పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి మింగు."

"మరి నీకు?"

"ఇంటికాడ మస్తుగున్నయి తియ్."

పాపం, ఈయనకూ నరం నొప్పే కాబోలు అనుకున్నాడు దశరథం. తిట్టినందుకు సిగ్గుపడ్డాడు.

సోమవారం పొద్దున్నే నున్నటి చెంపలతో, డజను అరటిపండ్లతో కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మొన్న నా వెనక నిలబడ్డ తాత రాలేదా? ఆయన గోళీలు ఆయనకు ఇచ్చెయ్యాలె."

వినీల ముఖం చిన్నబోయింది. "ఏలియా తాతనా? ఇగ రాడన్నా. శనివారం పాల్మాకుల కాడ రోడ్డు దాటుతుంటే నడిమిట్ల పడిపోయిండు. లారీ..."

"అయ్యో! నొప్పి లేచిందా?"

"నొప్పి ఎక్కడిదన్నా, ఆయనకు ఫిట్స్. ఒక్కపూట తప్పకుండ ఈ గోళీలు మింగుకుంట ఇరవై ఏండ్లు వాటిని దగ్గరికి రానియ్యలే. మొన్న జేబులనే కాదు, ఇంట్ల సుత ఒక్క గోళీ లేదంట."