ఏడు మాసికల రవిక

ఏడు మాసికలు. చెల్లమ్మ మళ్ళీ లెక్కపెట్టింది. కోడలు పాపాతి గిన్నెలు తోముతూ వంగిన ప్రతిసారీ వీపు మీద నాలుగు, ఎడమ భుజం మీద మూడు కనిపిస్తున్నాయి. రవిక పాతదా అంటే కాదు. ఆడి నెలలో కుట్టుకున్నది. మూడు నెలలు కూడా నిండలేదు. కొత్త గుడ్డకు ఏడు మాసికలు ఎవరు వేస్తారు?

ఏదో దాచుకునేవాళ్ళు వేస్తారు.

"ఏమే, చుట్టలకు కట్టే దారం యాడ? ఉండ సగమైపోయిండాది."

"నా వీపు మీద ఉండాది. పొద్దున్నించి దాన్నే గదా చూస్తా ఉండావు" అంది పాపాతి, తల తిప్పకుండా.

నాలుక చూడు! చెల్లమ్మకు ఒళ్ళు మండింది. గుడియాత్తంలో గోడలు కట్టే ఈ కొత్తపనివాళ్ళ వీధిలో ఆమె ఈడు ఆడవాళ్ళెవరూ రవిక తొడగలేదు. పైట చాలదా? ఇదేమో పెళ్ళికి ముందే కె.వి.కుప్పంలో దొరసాని దగ్గర కుట్టుపని నేర్చుకొచ్చింది. రవిక కుట్టుకుంటుంది, సంచీ కుట్టుకుంటుంది, తలగడకు గలీబు కుట్టుకుంటుంది. నోరు మాత్రం కుట్టుకోదు.

"మా అత్తకు ఎదురు మాట్లాడుంటే నా పండ్లు రాలేవి."

"నీకు ఇంకా పండ్లుండాయి గదా అత్తా. కొరుకు."

చెల్లమ్మ పొగాకు ముందర పెట్టుకుని చుట్టలు చుట్టసాగింది. కొడుకు కోసం. జర్మనీ యుద్ధం ముగిశాక వేలూరులో ఎవరో దొర బంగళా కట్టిస్తున్నాడు. మారియప్పన్ అక్కడ గోడలు కడతాడు. అతనికి సన్న చుట్టలు ఆనవు. బొటనవేలంత లావుండాలి. అంత లావు చుట్ట ఆ వీధిలో ఇంకెవరూ కాల్చరు. అంగడి చుట్ట తన బిడ్డ ముట్టుకోడని ఆమెకు గర్వం.

పెళ్ళికి ముందు నెలకొకసారి వచ్చేవాడు. ఇప్పుడు శనివారం తప్పడం లేదు. వచ్చినా తల్లి పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడడు. చుట్ట వెలిగించుకుని నేరుగా లోపలికి పోతాడు. తలుపు వేసుకుంటాడు. ఆదివారం సాయంత్రం వేలూరు బండెక్కుతాడు. సోమవారం పొద్దున కోడలు సూది పట్టుకుంటుంది.

సోమవారానికో మాసిక. తిరిగి శనివారానికి కొడుకు.

చెల్లమ్మకు తెలిసిపోయింది. ఇది మందు. మొగుణ్ణి కట్టేయడానికి వారానికొక తాయెత్తు ఒంటికి అంటేటట్టు కుట్టుకుంటోంది. పోయిన మంగళవారం తాను ఊరికే భుజం పట్టుకుని లాగితే పాపాతి ఎగిరి అవతల పడింది. ఎందుకు పడదు? దాచింది చేతికి తగులుతుందని భయం!

ఆదివారం పొద్దున, కొడుకు ఇంట్లో ఉండగానే, చెల్లమ్మ పోయి పెరియస్వామిని పిలుచుకొచ్చింది. ఆ వీధిలో తాయెత్తు కట్టేదీ ఆయనే, తీసేదీ ఆయనే. వీధిలో సగం మంది వెంట వచ్చారు.

"మందు బయటపడితే ఈ పిల్లను ఈ పొద్దే పుట్టింటికి తోలేయాల. మళ్ళీ ఈ గడప తొక్కకూడదు" అన్నాడు పెరియస్వామి.

"పరదరామిలో దీని పుట్టింటి దాకా నేనే తరిమి వస్తా" అంది చెల్లమ్మ.

తిన్నె మీద మారియప్పన్ చుట్ట కాలుస్తున్నాడు. "వద్దు మామా" అన్నాడు మెల్లగా. "పోనీయమ్మా. ఆడదాని రవికను వీధిలో విప్పుతారా? నా పెండ్లాన్ని నేనేమన్నా అంటా ఉండానా?"

చెల్లమ్మ కళ్ళు చెమర్చాయి. ఎంత మెత్తన బిడ్డ! ఇట్లాంటోడికా మందు పెట్టింది?

పెరియస్వామి చెయ్యి చాపాడు. పాపాతి ఆ చేతిని విసిరికొట్టింది.

"మొగోళ్ళు ముట్టేదేం లేదు పెద్దాయనా. ఆమె విప్పాల. ఆమె చేత్తోనే విప్పాల." అత్త ముందు వీపు పెట్టి నేల మీద కూర్చుంది. ముఖం మాత్రం మొగుడి వైపే ఉంది. "భుజం మీదిది విప్పు అత్తా. పోయిన సోమవారం కుట్టింది. తాయెత్తు ఉంటే నేనే మూట కట్టుకోని పోతా. లేకపోతే?"

"లేకపోతే నా నాలిక కోసి నీ చేతిలో పెడతా!"

"అందరూ విన్నారు గదా?"

చెల్లమ్మ పొగాకు కోసే కత్తి తెచ్చింది. కుట్లు ఎంత సన్నంగా ఉన్నాయంటే కత్తిమొన దూరడం లేదు. తిట్టుకుంటూ ఒక అంచు తెంపింది. రెండో అంచు తెంపింది.

మారియప్పన్ తిన్నె దిగాడు. "అమ్మా, చాలు. ఆపు."

"నువ్వు కూచో నాయనా. నీకేం తెల్దు."

మూడో అంచు. నాలుగోది. మాసిక ఊడి ఒడిలో పడింది. వీధి మొత్తం మెడలు చాచింది. చెల్లమ్మ వేలు పెట్టి తడిమింది, కళ్ళు దగ్గరికి తెచ్చి చూసింది.

తాయెత్తు లేదు, మాసిక కింద రవికకు అంచులు మాడిన గుండ్రటి బొక్క, బొక్క కింద ఇంకా మానని పుండు, రెండూ సరిగ్గా ఆమె పొద్దున తన చేత్తో చుట్టి కొడుక్కిచ్చిన చుట్టంత లావున్నాయి.