తుఫాను సీను

సినిమాలో తుఫాను సీను మొదలవగానే ముసలాయన చెయ్యి చాచి లాప్‌టాప్ మూసేశాడు.

తేగ్యు చేతిలో చెంచా ఆగిపోయింది.

"ఏంటి తాతగారూ ఇది?"

"అన్నం దగ్గర ఇది వద్దు."

"మీకు వద్దయితే అటు తిరిగి కూర్చోండి. మేం దీనికోసమే ఇంత దూరం వచ్చాం."

ముసలాయన తన గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లి, నిలబడే తిన్నాడు.

సత్రం నడిపే మాల్‌సున్ ఎండుచేపల సూపు వడ్డిస్తూ గొంతు తగ్గించింది.

"పిల్గు అన్నయ్యకి సినిమాలు పడవు. జన్మలో ఒక్కటీ చూడలేదు. ఒంటరి మనిషి, రెండు పూటలా ఇక్కడే తింటాడు. ఏమీ అనుకోకండి."

"సినిమా చూడని మనిషా?" అని నవ్వాడు తేగ్యు. పక్కనున్న సోవన్ కూడా నవ్వింది.

ఆ ఇద్దరికీ సినిమాయే లోకం. పద్నాలుగు నెలల కిందట సియోల్‌లో ఇల్లు ఖాళీ చేసి, చెరో సంచీతో బయల్దేరారు. తమకు నచ్చిన సినిమాలు తీసిన ఊళ్లన్నీ బస్సుల్లో తిరుగుతున్నారు. సోవన్ నెలనెలా ఆ కబుర్లు ఒక సినిమా పత్రికకు రాస్తుంది.

ఈ సముద్రపొడ్డు ఊరిని చివరికి దాచుకున్నారు. నలభై ఐదేళ్ల కిందట ఇక్కడ తీసిన పాత సినిమా చూస్తూనే తొలిసారి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. సరిగ్గా తుఫాను సీనులో.

అయితే ఏడాదికి పైగా ఒకే గదిలో, ఒకే బస్సులో ఉన్నాక చెయ్యి పట్టుకోవడం తగ్గింది, వాదన పెరిగింది. పక్కపక్కన కూర్చుని ఒకే బొమ్మ చూసినా ఇద్దరూ చూసేది వేరని సోవన్‌కి దారిలోనే తెలిసింది. తేగ్యు అలలు చూసేవాడు. తను ఆ అలల్లో పడవ నడిపే కుర్రాడిని చూసేది. ఇక్కడికి వస్తే పాతరోజులు తిరిగొస్తాయేమోనని ఆమె ఆశ.

మర్నాడు పొద్దున ఆ సీను ఎక్కడ తీశారని అడిగితే మాల్‌సున్ తల దించుకుంది.

"అన్నయ్యనే అడగండి."

పిల్గు రేవులో వల బాగుచేస్తున్నాడు. విని, వల పక్కన పెట్టి లేచాడు.

"చూపించకపోతే మీ అంతట మీరు ఎక్కడో దిగుతారు. పదండి."

ఊరి చివర రాళ్లగట్టు. గాలి హోరున కొడుతోంది.

"ఆ నల్లరాయి దాటకండి" అన్నాడు పిల్గు.

"హీరో నిలబడింది దానికి అవతలే కదా" అంటూ తేగ్యు కెమెరా తీసి రాయి దాటాడు.

ముసలాయన ఒక్క ఉదుటున వెళ్లి, వెనకనుంచి అతని చొక్కా పట్టి లాగాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. కెమెరా రాళ్ల మీద ఎగిరి సముద్రంలో పడింది.

అల వచ్చింది. నల్లరాయిని తడిపి వెళ్లిపోయింది. పెద్ద అల కూడా కాదు.

"పద్నాలుగు నెలల ఫోటోలు..." తేగ్యు లేచి ముసలాయన వైపు తిరిగాడు. "సినిమాలు పడకపోతే పోనీ తాతగారూ, మనుషులైనా పడాలి కదా మీకు."

"తడిశావా?"

"ఏంటి?"

"బట్టలు తడిశాయా అని."

"లేదు."

"అయితే పద."

అంతే. క్షమించమని కూడా అనలేదు.

తిరుగు బస్సులో ఇద్దరూ చెరో కిటికీ పక్కన కూర్చున్నారు. సియోల్‌లో ఎవరి సంచీ వారు తీసుకుని దిగారు.

ఆ నెల సోవన్ పిల్గు గురించే రాసింది. లాప్‌టాప్ మూయడం, వంటింట్లో నిలబడి తినడం, కోడిపిల్లను గద్ద తన్నుకుపోయినట్టు తేగ్యుని లాగడం. పేరు మార్చలేదు. ఆమె ఇంత నవ్వు పుట్టించే వ్యాసం ఎప్పుడూ రాయలేదని పత్రిక వాళ్లు మెచ్చుకున్నారు.

చలికాలంలో మాల్‌సున్ ఫోన్ చేసింది.

"పిల్గు అన్నయ్య పోయాడమ్మా. పదిరోజులైంది."

సోవన్ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"మీరు రాసింది నేనే చదివి వినిపించాను. మొత్తం విన్నాడు."

"కోపం వచ్చిందా పిన్నిగారూ?"

"లేదు. అబ్బాయి తిరిగి ఇంటికి చేరాడు కదా, అది చాలు అన్నాడు." అంది మాల్‌సున్. "అసలు ఆ రాళ్ల దగ్గర... వద్దులే. ఆయన బతికుండగా ఊళ్లో ఎవరమూ ఎత్తలేదు. ఇప్పుడు నేనెందుకు ఎత్తడం?"

వసంతంలో సియోల్‌లో ఆ సినిమా మళ్లీ వేశారు. తేగ్యు, సోవన్ వేరువేరుగా వచ్చి, అలవాటు కొద్దీ పక్కపక్కనే కూర్చున్నారు.

బొమ్మ అయ్యాక, దానికి కెమెరా పట్టిన వృద్ధుణ్ణి చక్రాల కుర్చీలో వేదిక మీదికి తెచ్చారు. తుఫాను సీను గొప్పతనం చెప్పమని ఎవరో అడిగారు.

"గొప్పతనం ఏమీ లేదు. అది నిజం తుఫాను" అన్నాడాయన. "హీరో చొక్కా తొడిగి ఆ ఊరి కుర్రాణ్ణి ముందు పడవలో పంపాం. వెనక పడవలో మేం ఏడుగురం. ఒక్కడికీ ఈత రాదు. రెండు పడవలూ తిరగబడ్డాయి."

ఆయన చెయ్యెత్తి తెరవైపు చూపించాడు.

"ఒడ్డునుంచి ఒకడు నడుముకి తాడు కట్టుకుని దూకాడు. మేం దగ్గర, ఆ కుర్రాడు దూరం. మమ్మల్ని ఒక్కొక్కరినే లాక్కెళ్లాడు. ఫిల్మ్ డబ్బా వదలమని బతిమాలినా నేను వదల్లేదు. నా ఒక్కడితోనే ఎంతో సేపు పోయింది. ఏడోవాణ్ణి చేర్చి వెనక్కి తిరిగేసరికి సముద్రం మీద ఏమీ లేదు. సంగతి బయటికి పొక్కితే సినిమా ఆగిపోతుందని మావాళ్లు తెర మీద వాళ్లిద్దరి పేర్లు కూడా వెయ్యలేదు."

సోవన్ చెయ్యి తేగ్యు చెయ్యిని వెతుక్కుంది.

"ఆ కుర్రాడి పేరు గుర్తుందా?" ఎవరో అడిగారు.

"పిల్‌హో," అన్నాడు వృద్ధుడు, "తోడబుట్టినవాడు కళ్లముందు మునిగిపోతుంటే ముందు మా ఏడుగురినీ ఒడ్డుకు చేర్చిన అతని అన్న పేరు పిల్గు."