గరుడ వాళ్ల పిల్లలు

ఆ రోజుల్లో బడిలో చేరిన ప్రతి పిల్లకూ ఒక యంత్రం మోకాళ్లు కొలిచేది. కొలత నచ్చితే ఏదో ఒక కబడ్డీ జట్టు ఆ పిల్లను రిజర్వు చేసుకునేది. ఇక ఆమె మరో జట్టుకు ఆడకూడదు. అలాగని ఈ జట్టు తీసుకుంటుందన్న హామీ లేదు.

బొబ్బిలిలో పన్నెండేళ్ల హైమావతిని గరుడ జట్టు ఆరేళ్లుగా అట్టిపెట్టుకుంది. ఏటా ఏజెంటు వచ్చి గడువు పొడిగించి, ఒక టోపీ ఇచ్చి వెళ్లేవాడు.

ఈసారి ఆమె టోపీ అందుకోలేదు. "నాలాటోళ్లు ఎంతమందున్నారండి?" అని అడిగింది.

"నాలుగు వేలమందమ్మా."

"మరి తీసుకునేది?"

"ఇద్దర్ని," అన్నాడతను నసుగుతూ.

ఆ వీధిలో మరో ఆరుగురు ఆడపిల్లలు కూడా గరుడ రిజర్వులోనే ఉన్నారు. ఒకే జట్టు వాళ్లు కలిసి ఆడకూడదని ఎక్కడా రాసిలేదు. హైమావతి వాళ్లను పోగుచేసి, గరుడ పేరుతోనే జిల్లా పోటీల్లో దిగింది. మొదటి ఆటలోనే చిత్తుగా ఓడిపోయారు. గరుడ ఓడిందన్న వార్త రాష్ట్రమంతా పాకింది.

ఏజెంటు పరుగున వచ్చాడు. "మా పేరెందుకు పెట్టుకున్నారమ్మా?"

"మేం మీ పిల్లలం కామేటండి?"

"కారు, కారు!"

"అయితే ఆ ముక్కే రాసిచ్చీండి."

అతను ఏడుగురికీ రాసిచ్చాడు. మరుసటి వారం వాళ్లు సొంత పేరుతో ఆడి మళ్లీ ఓడిపోయారు. అయినా ఇంటిదాకా కూత పెడుతూనే వచ్చారు.