గోడ చూస్తోంది

ఊళ్లో అద్దె ఇళ్లన్నిటికీ ఇప్పుడు బొమ్మలేసే గోడలే. అవి ఇంట్లోవాళ్ల పొదుపు తిప్పలన్నీ చూసి, తెల్లారేసరికల్లా కామిక్ చేసి జనానికి పంపుతాయి. జనం నవ్వినన్నాళ్లే ఓనర్లు ఇంట్లో ఉండనిస్తారు.

లాస్య టూత్‌పేస్టు ట్యూబును కత్తెరతో కోసి, అడుగున మిగిలింది గీకే బొమ్మంటే అందరికీ ఇష్టం. నిన్న ఆమె భర్త తరుణ్ కొత్త ట్యూబు తెచ్చాడు.

"ఇవాళ ఒక్కరూ నవ్వలేదంటండీ. రేపూ ఇంతే అయితే ఖాళీ చెయ్యాలంట. ఆ పాత ట్యూబేదీ?" అంది లాస్య.

"చెత్తబండిలో వేసేశానే!" అని తరుణ్ తల పట్టుకున్నాడు.

లాస్య కత్తెర తీసింది. కొత్త ట్యూబును నిలువునా కోసింది. పేస్టు అరచేతుల నిండా పొంగుతుంటే, గోడకేసి తిరిగి, లోపల ఏమీ మిగలనట్టు గీకసాగింది.